కంప్యూటర్‌లో ఉంది, అరలో లేదు: ఒక కాలేజీ లైబ్రరీ సర్క్యులేషన్ కౌంటర్ కేస్ స్టడీ

"మేడమ్, నాలుగు కాపీలు ఉన్నాయని చూపిస్తోంది. ర్యాక్ అంతా వెతికినా. ఒక్కటీ లేదు."

రాత్రి ఏడు దాటింది. ఇంటర్నల్స్‌కి ఇంకా రెండు రోజులు. అడుగుతున్న అమ్మాయిది కదిరి. ఆ సాయంత్రం అదే మాట అన్నవాళ్లలో ఆమె నాలుగో మనిషి. "ఎవరో టేబుల్ దగ్గర చదువుతూ ఉంటారమ్మా, కాసేపాగి చూడు" అన్నాను. ఆ జవాబు నాకు నోటికి వచ్చేసింది. ఆమె వెళ్లాక ఎందుకో లేచి కౌంటర్ వెనక్కి వెళ్లాను. గోడ వారగా నిలబెట్టిన ట్రాలీలో, ఆ సాయంత్రం రిటర్న్ అయిన పుస్తకాల గుట్టలో, ఆమె అడిగిన మ్యాథ్స్ పుస్తకం కాపీలు రెండు ఉన్నాయి. నా కుర్చీకి ఆరడుగుల దూరంలో.

ఆ రెండు కాపీలతో మొదలైన పని దాదాపు మూడు సెమిస్టర్లు సాగింది. ఏం చేశాం, ఏది పనిచేసింది, ఏది బెడిసికొట్టింది అన్నది ఇక్కడ రాస్తున్నాను.

మాది బెంగళూరు ఉత్తరాన, యలహంక దాటాక ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ. పేరు అవసరం లేదు, ఆ వైపు అలాంటివి చాలా ఉన్నాయి. బెంగళూరు నుంచి యలహంక, దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం, ధర్మవరం పోయే రైలు మార్గం మాకు దగ్గర. కాబట్టి అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు పిల్లలు బాగా చేరతారు. నాది ధర్మవరమే. ట్రాలీ తోసే మా అటెండర్ అన్న ఊరు గౌరిబిదనూరు, ఇంట్లో తెలుగు, బయట కన్నడం. కౌంటర్ దగ్గర రెండు భాషలూ నడుస్తాయి, ఫైన్ కట్టేటప్పుడు మాత్రం అందరూ ఇంగ్లిష్‌లోకి మారిపోతారు.

లైబ్రరీలో సర్క్యులేషన్ అంటే ఇష్యూ, రిటర్న్ మాత్రమే అని బయటివాళ్లే కాదు, మాలో చాలామందీ అనుకుంటారు. సభ్యత్వం ఇవ్వడం, రెన్యువల్, రిజర్వేషన్, గడువు దాటినవాటికి గుర్తు చేయడం, ఫైన్, పోయిన పుస్తకం లెక్క, చివరి సంవత్సరంలో నో డ్యూస్, రోజువారీ లెక్కలు, అన్నీ ఆ కౌంటర్ మీదే. అయినా మా వృత్తిలో కేటలాగింగ్, అంటే పుస్తకాల వివరాలు జాబితాకెక్కించే పని, చేసేవాళ్లకున్న మర్యాద కౌంటర్ వాళ్లకుండదు. "ఏముంది, బార్‌కోడ్ చూపిస్తే బీప్ అంటుంది" అని కొత్తగా చేరినవాళ్లను అక్కడ కూర్చోబెడతారు. నన్నూ అలాగే కూర్చోబెట్టారు.

ఆ బీప్ గురించి ఒక మాట చెప్పాలి. నేను ఉద్యోగం మొదలుపెట్టింది అనంతపురం వైపు ఒక చిన్న లైబ్రరీలో. అక్కడ అప్పటికీ బ్రౌన్ పద్ధతి నడిచేది. సభ్యుడికి ఎన్ని పుస్తకాలకు అర్హత ఉంటే అన్ని టికెట్లు, చిన్న సంచుల్లాంటివి. పుస్తకంలో ఉండే కార్డు తీసి ఆ టికెట్‌లో దూర్చి, గడువు తేదీ వరుసలో ట్రేలో పెట్టేవాళ్లం. పుస్తకం తిరిగొస్తే ట్రేలో వెతికి, కార్డు తీసి మళ్లీ పుస్తకంలో పెట్టాలి. నెమ్మదైన పని, రిటర్న్ దగ్గర క్యూ పెరిగేది. కానీ అందులో ఒక సుగుణం ఉంది. కార్డు పుస్తకంలోకి చేరేదాకా రిటర్న్ పూర్తి కాదు, అంటే రికార్డూ వస్తువూ ఒకేచోట ఉంటాయి. కంప్యూటర్‌లో బీప్ వినిపించగానే రికార్డు ముందుకెళ్లిపోతుంది, పుస్తకం మాత్రం మన చేతిలోనే ఉంటుంది. మా సమస్య మొత్తం ఆ సందులోనే ఉందని అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

ముందు, సమస్య ఎంతుందో చూడాలనుకున్నాం. ఎక్కువగా అడిగే పుస్తకాల్లో, మా లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో "అందుబాటులో ఉంది" అని చూపించే కాపీల జాబితా ప్రింట్ తీసి, వారం రోజులు సాయంత్రం ఆరింటికి నేనూ ఒక జూనియరూ ర్యాకుల మధ్య తిరిగాం. దొరకని ప్రతి కాపీ ఎక్కడుందో వెతికి పక్కన రాసుకున్నాం. ఎక్కువ భాగం ట్రాలీలో. తర్వాత చదివే టేబుళ్ల మీద. ఆ తర్వాత తప్పు ర్యాకుల్లో, వీటి కథ వేరే ఉంది. కొన్ని లెక్చరర్ల క్యాబిన్లలో, చీటీ మీద ఇచ్చి కంప్యూటర్‌లో ఎక్కించడం మర్చిపోయినవి. నిజంగా పోయినవి మేం భయపడినంత లేవు.

ఇంకోటి, ట్రాలీలో ఉన్నవి కంప్యూటర్‌లో ట్రాలీలో ఉన్నట్టు కనిపించాలి. కోహాలో ఆ ఏర్పాటుంది. రిటర్న్ చేసిన పుస్తకం ఉన్నచోటు "షెల్వింగ్ కార్ట్" అని మారుతుంది. మేం అప్పుడు వాడుతున్న వెర్షన్‌లో, కొన్ని గంటలయ్యాక దాన్ని మళ్లీ మామూలు అరకు మార్చే చిన్న స్క్రిప్టు సర్వర్‌లో తనంతట తాను నడిచేది. ఎన్ని గంటలో మనమే పెట్టుకోవాలి. మా సర్వర్‌లో ఒక్క గంట అని ఉంది. సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్లు ఎప్పుడో పెట్టి వెళ్లిపోయారు, తర్వాత ఎవరూ చూడలేదు. అంటే నాలుగున్నరకు వచ్చిన పుస్తకం అయిదున్నరకల్లా అరలోకి చేరిపోయినట్టు కంప్యూటర్ నమ్మేది. పుస్తకం మాత్రం మర్నాడు ఉదయం తొమ్మిదిదాకా ట్రాలీలోనే ఉండేది. మాకు మేమే అబద్ధం చెప్పుకుని, అదే అబద్ధాన్ని పిల్లలకూ చూపిస్తున్నాం.

మరి తొమ్మిదిదాకా ఎందుకు? ఇక్కడే అసలు ముడి ఉంది. కాలేజీ బస్సులు నాలుగూ ముప్పావుకు బయలుదేరతాయి. ఊళ్లో ఉండే పిల్లలంతా పావుగంట ముందు పరుగెత్తుకుంటూ వచ్చి పుస్తకాలు పడేసి పోతారు. రోజులో రిటర్న్‌లు ఎక్కువగా అప్పుడే. అటెండర్ అన్న ఉదయం వచ్చి, ట్రాలీ ఖాళీ చేసి, సాయంత్రం అయిదుకు రైలు కోసం యలహంక స్టేషన్‌కు బయలుదేరతాడు. ఆ రైలు తప్పితే ఆయన ఇల్లు చేరడం చాలా కష్టం. హాస్టల్ పిల్లలు లైబ్రరీకి వచ్చేది ఆరు తర్వాత. అంటే వెతికేవాళ్లు వచ్చేసరికి పుస్తకాలన్నీ ట్రాలీలో ఉంటాయి. హాస్టల్లో ఎక్కువమంది మన ఊళ్ల పిల్లలే. "మీ తెలుగువాళ్లే మేడమ్, ఎప్పుడూ కంప్లైంట్" అని ఒక సహోద్యోగి నవ్వుతూ అనేవారు. ఆ నవ్వు నాకు కొంచెం గుచ్చుకునేది. తీరా లెక్క తీస్తే అందులో భాషదేమీ లేదు, బస్సు టైముదే అంతా.

మొదట చేసిన మార్పుకు పైసా ఖర్చు కాలేదు. ట్రాలీని కౌంటర్ వెనక నుంచి ముందుకు, పిల్లలవైపు తిప్పాం. "ఇప్పుడే తిరిగొచ్చినవి" అని కన్నడంలో, ఇంగ్లిష్‌లో అట్ట రాయించి పెట్టాం. కింద తెలుగులో నేను చాక్‌పీసుతో రాశాను. పుస్తకాన్ని మనిషి దగ్గరికి నడిపించడం మనకు కొత్త కాదు. 1935లో గుంటూరు ప్రాంతంలోని కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీదే గ్రంథాలయం నడిపారు. మేం నడిపించింది పది అడుగులే. దానికే మా దగ్గర పెద్ద చర్చ జరిగింది. చెల్లాచెదురు చేస్తారని ఒకరు, ఎత్తుకుపోతారని ఒకరు. కొంత చెల్లాచెదురైన మాట నిజమే. కానీ వారం తిరగకుండానే ఒక సంగతి కనిపించింది. పిల్లలు ర్యాకుల దగ్గరికి వెళ్లేముందు ట్రాలీనే చూస్తున్నారు. పక్కవాడు చదివి వదిలిందే వీళ్లకూ కావాలి మరి, సిలబస్ ఒకటే కదా. పరీక్షల రోజుల్లో కొన్ని పుస్తకాలు ట్రాలీ నుంచి ట్రాలీకే తిరిగాయి, అరల మొహమే చూడలేదు. మా పని కూడా తగ్గింది.

స్క్రిప్టు గంటల్ని ఒకటి నుంచి పదహారుకు మార్చాం. కంప్యూటర్‌లో "షెల్వింగ్ కార్ట్" అని కనిపిస్తే ట్రాలీ చూడాలని పిల్లలకు చెప్పాం. చెప్పడం అంటే నోటీసు అంటించడం కాదు, నోటీసు ఎవరూ చదవరు. రెండు వారాలు నోటితో చెబుతూ తిరిగాం.

సాయంత్రం పుస్తకాలు సర్దే మనిషిని వెతకడం దీనికంటే కష్టమైంది. అటెండర్ అన్నను ఒంటిగంట నుంచి రాత్రి ఎనిమిదిదాకా ఉండమని ఆఫీసు వాళ్లు చెప్పబోతే, ఆయన నా దగ్గరికొచ్చి, "మేడమ్, మీరూ ఆ రైల్లో తిరిగినోళ్లే కదా" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. నేను ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాను. దాని బదులు హాస్టల్ పిల్లల్లో ఇద్దరికి సాయంత్రం గంటల లెక్కన పని ఇవ్వడానికి అనుమతి తెచ్చుకోవడానికి ఒక సెమిస్టర్ పట్టింది.

వచ్చిన పిల్లలు చురుకైనవాళ్లే, కానీ మొదటి నెల ర్యాకులు ఘోరంగా కలగాపులగం అయ్యాయి. కారణం డ్యూయీ నంబర్లు, అంటే విషయాన్ని బట్టి పుస్తకాలకు వేసే దశాంశ నంబర్లు. 005.133 అన్న పుస్తకాన్ని 005.74 తర్వాత పెట్టేవారు. "నూటముప్పైమూడు డెబ్బైనాలుగు కంటే పెద్దది కదా మేడమ్" అని వాళ్ల వాదన. ఇంజనీరింగ్ చదివే పిల్లలు దశాంశాల దగ్గర బోల్తా పడటం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నంబరు తర్వాత చుక్క ఉందని కళ్లకు తెలుసు, పుస్తకం వెన్ను మీద చూస్తే మాత్రం చెయ్యి మర్చిపోతుంది. చుక్క తర్వాత ఒక్కో అంకెనే పోల్చమని, మొదటి తేడా వచ్చిన చోట ఆగమని నేర్పాం. సర్దిన ప్రతి పుస్తకాన్నీ వెంటనే నిలబెట్టకుండా అడ్డంగా పడుకోబెట్టి వెళ్లమన్నాం. ఉదయం అటెండర్ అన్న చూసుకుంటూ నిలబెట్టేవాడు. నెల తర్వాత ఆ అవసరం లేకపోయింది.

ఇక తప్పు ర్యాకుల కథ. జాబితా పట్టుకుని తిరిగినప్పుడు డేటా స్ట్రక్చర్స్ పుస్తకాలు మూడు దొరికాయి. ఎక్కడంటే 894.827లో. అది తెలుగు సాహిత్యం నంబరు. మా లైబ్రరీలో అది చివరి గోడకున్న రెండు అరలు, ఎప్పుడో ఎవరో ఇచ్చిన నవలలు, కథల పుస్తకాలు. అటు ఎవరూ వెళ్లరని తెలిసి, రేపు తమకే దొరకాలని అక్కడ దాచారు. దాచింది ఎవరై ఉంటారో వేరే చెప్పాలా. కన్నడం పిల్లలు దాచినవి 894.814లో దొరికాయి, అది కన్నడ సాహిత్యం. మాతృభాష మీద నమ్మకమంటే అదీ.

సీసీ కెమెరా చూసి పట్టుకోవాలని ఒక సూచన వచ్చింది. నేను ఒప్పుకోలేదు. పుస్తకం దాచేవాడు దొంగ కాదు, మన నియమాలు తన అవసరానికి సరిపోనివాడు. మా నియమం పద్నాలుగు రోజుల ఇష్యూ, మనిషికి మూడు పుస్తకాలు. మూడూ అప్పటికే తీసుకున్నవాడికి పరీక్ష ముందురోజు రాత్రి నాలుగోది కావాలి. మా దగ్గర ఇవ్వడానికి దారి లేదు, కాబట్టి వాడు తన దారి చూసుకున్నాడు. అందుకే డిమాండ్ ఉన్న ప్రతి పుస్తకంలో ఒక కాపీని ఒక్క రాత్రి ఇష్యూ కింద పెట్టాం. సాయంత్రం అయిదు తర్వాత తీసుకోవాలి, ఉదయం తొమ్మిదిన్నరకు తెచ్చేయాలి. అది మూడు పుస్తకాల లెక్కలోకి రాదు. రిజర్వేషన్ కూడా తెరిచాం. ఎవరైనా రిజర్వ్ చేసుకున్న పుస్తకానికి రెన్యువల్ ఇవ్వకుండా కోహాలోనే పెట్టొచ్చు. దాచడం పూర్తిగా ఆగలేదు కానీ బాగా తగ్గింది. అన్నట్టు, దాచిన పుస్తకాలు వెతుక్కుంటూ చివరి గోడ దాకా వెళ్లిన ఒకబ్బాయి అక్కడి నుంచి ఒక తెలుగు కథల పుస్తకం ఇష్యూ చేయించుకున్నాడు. దాని వెనక అట్టకున్న తేదీ చీటీ అప్పటిదాకా ఖాళీగా ఉంది.

దొరికిన పుస్తకాల వల్ల ఇంకో మేలు జరిగింది. అంతకుముందు స్టాక్ వెరిఫికేషన్‌లో పోయినట్టు తేలిన పుస్తకాల డబ్బు స్టాఫ్ దగ్గర వసూలు చేయాలన్న మాట లైబ్రరీ కమిటీలో వినిపించింది. ఇలాంటి మాట ఒక్కసారి చెవిన పడితే చాలు, ఆ లైబ్రరీలో అరలకు తాళాలు పడతాయి. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి, 2017 నాటిది, 215వ నియమంలో దీని గురించి స్పష్టంగా ఉంది. సంవత్సరంలో ఇష్యూ అయిన లేదా చూసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడం సహజమే, అందులో మోసమో నిర్లక్ష్యమో లేనంతవరకు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో, అరుదైన పుస్తకమో పోతే విచారించాలి. ప్రైవేటు కాలేజీ దానికి కట్టుబడక్కర్లేదు. అయినా ఆ పేజీ ప్రింట్ తీసి కమిటీ ముందు పెట్టాను. తప్పు ర్యాకుల్లో దొరికినవి తీసేశాక మా లెక్క ఆ పరిమితి లోపలే వచ్చింది. వసూలు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఫైన్ విషయంలో మాత్రం నా అభిప్రాయమే మారింది. మొదట్లో ఫైన్ గట్టిగా ఉంటేనే పుస్తకాలు తిరిగొస్తాయని నమ్మేదాన్ని. కోహాలో బాకీ ఒక పరిమితి దాటితే కొత్త పుస్తకం ఇవ్వనివ్వదు. ఆ పరిమితి మా దగ్గర 5 అని ఉండిపోయింది. ఆ 5 రూపాయలో డాలరో దానికి పట్టదు. రోజుకు రూపాయి ఫైన్ ఉన్నచోట, వారం ఆలస్యమైన పిల్లవాడికి తలుపు మూసేసినట్టే. కామెర్లొచ్చి కళ్యాణదుర్గం వెళ్లిపోయిన ఒక అబ్బాయి నెలన్నర తర్వాత వచ్చాడు. ఫైన్ చూసి పుస్తకం తిరిగివ్వకుండానే వెనక్కి వెళ్లిపోయాడు. మళ్లీ కనిపించింది చివరి సంవత్సరం నో డ్యూస్ సంతకం కోసమే. ఆ మూడేళ్లూ మా లైబ్రరీ ఆ అబ్బాయికి లేనట్టే. షికాగో పబ్లిక్ లైబ్రరీ 2019లో, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 2021లో ఆలస్యపు ఫైన్లు ఎత్తేశాయి. మా మేనేజ్‌మెంట్ అంత దూరం రాలేదు. పరిమితి పెంచడానికి, సెలవు రోజులు ఫైన్‌లో కలపకుండా ఉండటానికి, ఒక్కో పుస్తకానికి ఫైన్ యాభై రూపాయలకు మించకుండా ఆపడానికి ఒప్పుకున్నారు. ఉగాది ముందు ఒక వారం ఫైన్ లేకుండా తిరిగివ్వొచ్చని ప్రకటించాం. సీనియర్ల పేరున ఉన్న పుస్తకాలు జూనియర్ల చేతిలో వచ్చాయి, ఏమీ అడగలేదు.

లెక్చరర్లకు అప్పటిదాకా గడువే లేదు. సెమిస్టర్ చివర అందరూ తెచ్చి చూపించి మళ్లీ తీసుకెళ్లాలన్న చిన్న నియమం కోసం నేను పడ్డ మాటలు ఇక్కడ రాయను. నియమం వచ్చింది.

ఇదంతా అయ్యాక, మేం అడగకపోయినా, ఆర్‌ఎఫ్‌ఐడీ వచ్చింది, అంటే రేడియో తరంగాలతో పుస్తకాన్ని గుర్తుపట్టే ఏర్పాటు. పుస్తకానికి 13.56 మెగాహెర్ట్జ్ ట్యాగు, తమంతట తామే ఇష్యూ చేసుకునే కియోస్క్, గేటు, బయట రాత్రీ పగలూ పనిచేసే డ్రాప్ బాక్స్. క్యూ తగ్గింది, కాదనను. కానీ డ్రాప్ బాక్స్‌లో రాత్రి పదకొండుకు పడిన పుస్తకం కూడా రిటర్న్ అయినట్టే. అంటే రికార్డుకూ పుస్తకానికీ మధ్య సందు ఇంకా పెరిగింది. పైగా అన్ని ట్యాగులూ అట్ట లోపల ఒకే మూల అతికించారు. అయిదు పుస్తకాలు పేర్చి పెడితే ఒకదాని మీద ఒకటి ట్యాగులు పడి, కియోస్క్ ఒక్కోసారి నాలుగే చదివేది. అయిదోది పిల్లవాడి పేరున ఉండిపోయి ఫైన్ పెరిగేది. తర్వాత అతికించినవాటికి ట్యాగు చోటు కొద్దికొద్దిగా మార్చాం. మెరిసే లోహపు రేకు అట్టలుంటే ట్యాగు సరిగా చదవదు, అలాంటి పుస్తకాలను ఇప్పటికీ కౌంటర్ దగ్గరే ఇష్యూ చేస్తున్నాం. వేరే కాలేజీలవాళ్లు సలహా అడిగితే, డబ్బు కొంచెమే ఉంటే ముందు సాయంత్రం పుస్తకాలు సర్దే మనిషిని పెట్టుకోండి, కియోస్క్ తర్వాత అని చెబుతున్నాను. అమ్మేవాళ్లకు ఈ సలహా నచ్చదు.

"పాఠకుడి సమయం కాపాడు" అన్నది మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగోది. ఆయన చివరి సంవత్సరాలు గడిపిందీ ఈ బెంగళూరులోనే. చదువుకునేటప్పుడు ఆ సూత్రాన్ని క్యూ పొడవుతో కలిపి బట్టీ పట్టాను. ఇప్పుడు మేం కొలిచేది ఇంకోటి. రోజూ పది రిటర్న్‌లలో రంగు చీటీ పెడతాం, వచ్చిన టైము రాసి. అరలో పెట్టేవాళ్లు ఆ చీటీ మీద పెట్టిన టైము రాసి డబ్బాలో వేస్తారు. వారానికోసారి ఆ చీటీలు చూస్తాను. ఎన్ని పుస్తకాలు ఇష్యూ అయ్యాయన్న నెలవారీ నివేదిక కంటే నాకు ఆ డబ్బా మీదే నమ్మకం. మామూలు రోజుల్లో సాయంత్రం నాలుగున్నరకు వచ్చినవి ఏడు లోపల అరలోకి చేరుతున్నాయి. పరీక్షల వారంలో చేరడం లేదు, అప్పుడు ట్రాలీయే ఆదుకుంటోంది.

శుక్రవారం సాయంత్రం మాత్రం ఇంకా తేలలేదు. పనిచేసే హాస్టల్ పిల్లలు ఆ రోజే ఊరెళ్లిపోతారు, డ్రాప్ బాక్స్ సోమవారందాకా నిండుతూనే ఉంటుంది. ఆదివారం ఉదయం రెండు గంటలు తెరిచి చూద్దామని ఆఫీసుకు రాశాను. జవాబు వచ్చేదాకా డ్రాప్ బాక్స్ తాళం ఒకటి నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంటోంది.